అక్క పేరున్న కొమ్మ

“ఆ పిల్ల ఇంకా ఏమీ ముట్టలేదు,” అంది అత్తగారు ఇందిరాబాయి, ఉప్మా గిన్నె మీద మూత పెడుతూ. “రెండుసార్లు పెట్టినా. రెండుసార్లూ వద్దని తల ఊపింది. నీ మాటైనా వింటుందేమో చూడు.”

కృతి వరండా కటకటాల దగ్గరనుంచి కదల్లేదు. వీధి చివర ఆటోలు ఆగే చోటే చూస్తోంది. ఎమ్మిగనూరు నుంచి తొమ్మిది గంటల బస్సు వచ్చే వేళయింది. అందులోనే వస్తారు ఆ పిల్ల అమ్మానాయనలు.

తెల్లవారగానే మొదటి బస్సెక్కి మల్లేశ్వరి ఒక్కతే ఆదోనికి వచ్చేసింది. కృతి దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల. కాళ్లకు చెప్పులు లేవు, చేతిలో సంచి లేదు. ఎడమ చెంప వాచి ఉంది. “మేడమ్, నేను ఇంటికి పోను,” అని ఒక్క మాట అని, నడిమింట్లో బీరువా పక్కన మోకాళ్లు ముడుచుకొని కూర్చుంది. రెండు గంటలుగా అక్కడే ఉంది.

ఆమె వచ్చిన పది నిమిషాలకే కృతి పిల్ల తండ్రి ఉచ్చీరప్పకు ఫోన్ చేసింది. పిల్ల మా ఇంట్లో ఉంది, క్షేమంగా ఉంది అని చెప్పింది.  “వస్తాండాం,” అని మాత్రం చెప్పి అతను పెట్టేశాడు.

కృతి భర్త రఘురామ్ ఫోన్ పట్టుకొని వరండాలోకి వచ్చాడు. ఆదివారం కాబట్టి అతను పనిచేసే కాలేజీకి సెలవు. కాలేజీ ఉన్నా వెళ్లేవాడు కాడేమో. “మీ హెచ్చెమ్. నువ్వు ఎత్తడం లేదని నాకు చేస్తాండాడు.”

“ఏమంటాడు?”

“రేపు పొద్దునకల్లా రాసియ్యాలంట. ఆ మ్యాపు నిజం కాదు, పిల్లలతో ఊహించి గీయించిన పని అని. రెండు లైన్లు చాలంట. అట్ల రాసిస్తే విషయం బడి దాటదంట.”

“బడి ఎప్పుడో దాటింది.”

“దాటించింది ఎవరు?”

కృతి మళ్లీ వీధి వైపు తిరిగింది. ఆ ప్రశ్న ఈ ఇంట్లో మూడు రోజులుగా తిరుగుతోంది.

రఘురామ్ గొంతు తగ్గించాడు. “తప్పు పట్టడం లేదు నేను. ఒక్కటి ఆలోచించు. పల్టీ కొట్టిన ఆ బండిలో నువ్వు లేవు. పోలీసులు రాసుకున్న దాంట్లో ఒకటుంది, ఈ పిల్ల గీసిన దాంట్లో ఇంకొకటుంది. రేపు ఎవరైనా వచ్చి నీకెట్ల తెలుసు అని అడిగితే ఏం చెప్తావ్? పద్నాలుగేండ్ల పిల్ల ట్యాబ్ మీద సున్నాలు గీసింది, నేను నమ్మినా అంటావా?”

“ఆ పిల్ల బండిలో ఉండింది.”

“ఉండొచ్చు. నీకు ఉద్యోగం కూడా ఉంది.”

కిందటి సోమవారం నాటి పాఠం పేరు వలస. జూన్‌లో బడి తెరిచినప్పటినుంచి కృతి సాంఘికశాస్త్రాన్ని మైండ్ మ్యాపులతోనే చెబుతోంది. ట్యాబ్ తెర నడుమ ఒక మాట రాయాలి. దాని చుట్టూ కొమ్మలు వేయాలి. ప్రతి కొమ్మ చివరా ఆగి, దీని తర్వాత ఏమైంది, దీనికి ముందు ఏముంది అని అడగాలి. మొదటి నెలంతా పిల్లలు రంగులు మార్చుకోవడంతోనే సరిపెట్టారు. రెండో నెలలో ఒక పిల్లవాడు వాన అన్న మాట దగ్గర బయలుదేరి, ఆస్పరి చేల మీదుగా ఎద్దుల సంత దాకా పోయి, దారి తప్పినాను మేడమ్ అని భయపడుతూ వచ్చాడు. తప్పలేదు నాయనా, పాఠం ఇదే, అంది కృతి.

మల్లేశ్వరి పరీక్ష కాగితంలో ఎప్పుడూ రెండు వాక్యాలు దాటి రాసింది లేదు. మొదలుపెడితే యాడ ముగించాల్నో తెలీదు మేడమ్ అనేది. మ్యాపులో ఆ బాధ లేదు. ఆ సోమవారం పీరియడ్ అంతా ఆ పిల్ల తల ఎత్తలేదు.

మిగతా పిల్లల తెరల మీద గుంటూరు, మిరపకాయలు, పత్తి, వాన లేదు అన్న మాటలు కనిపించాయి. మల్లేశ్వరి తెర మీద, ‘వలస పోతే ఏం పోతాది’ అని ఒక కొమ్మ ఉంది. దాని కింద బడి. ఎనుము. అవ్వ. అక్క.

అక్క నుంచి మళ్లీ కొమ్మలు. కృతి వాటిని చివరిదాకా చదవలేదు. ముప్పై మందిలో ఇట్లా ఆలోచించే పిల్ల ఒకతె దొరికిందన్న సంబరంలో, ఆ మ్యాపును గోడ మీది పెద్ద తెరకు ఎక్కించింది. “అందరూ చూడండి. ఒక ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్న ఎట్ల పుట్టిందో చూడండి,” అంది.

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు వెనక్కి తిరిగి తనూ చదివింది.

గుంటూరు నుంచి ఇంటికి. డ్రైవర్ రాలేదు. గిడ్డయ్య మామ తోలినాడు. వంక మలుపు. బండి పల్టీ. అక్క లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. చదివిన తర్వాత కూడా, సాయంత్రం బస్సులో కూర్చొని, మండలంలోని సోషల్ టీచర్ల గ్రూపులో ఆ ఫొటో పెట్టింది కృతే. ‘ఒక పిల్ల ఆలోచన’ అని పైన రాసింది. పేరు లేదు కదా అనుకుంది. తెర మూలన చిన్న అక్షరాల్లో పేరుంది. బుధవారానికి మల్లేశ్వరి ఊరి ఫోన్లన్నింటిలో అది తిరిగింది. శుక్రవారం మల్లేశ్వరి బడికి రాలేదు.

“ముప్పై రెండేండ్లు చదువు చెప్పినా నేను,” అంది ఇందిరాబాయి వెనకనుంచి. ఆమె ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. “బలపం కాలం మాది. నీ ట్యాబులు మంచివంటే మంచివే, నేను కాదనను. అయితే పిల్లలు మన చేతికిచ్చినదాన్ని పదిమందిలో చదివేముందు వాళ్లను ఒక మాట అడగాల. బలపంతో రాసినా అంతే, దీంట్లో రాసినా అంతే.”

“తెలుసు అత్తయ్యా.”

“ఇప్పుడు తెలిసింది.” ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువగా గుచ్చుకుంది.

ఆటో ఆగింది. ఉచ్చీరప్ప దిగి ఒక్కడే గబగబా నడిచి వచ్చాడు. భుజాన తువ్వాలు, చంకలో గుడ్డసంచి. గేటు దగ్గరే ఆగిపోయాడు.

“టీచరమ్మా, ఒక మాట సెప్పాల. మా ఇంటిది వచ్చే లోపల సెప్పాల.”

“తిప్పమ్మక్క రాలేదా?”

“వచ్చింది. మూలన బోరింగ్ కాడ మొగం కడుక్కుంటాంది. బస్సులో అంతా ఏడ్సుకుంటా వచ్చింది.” సంచిలోంచి పాత పంచెగుడ్డలో చుట్టిన ట్యాబ్ తీసి అరుగు మీద పెట్టాడు. “ఇది మీ వస్తువు. యాడా పగల్యా, సూసుకోండి. పాప ఇంక బడికి రాదు.”

“అన్నా, ముందు లోపలికి రండి. కూర్చోండి.”

“కూసునే పని కాదమ్మా.” వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “మా ఇంటిదానికి సదువు రాదు. ఊర్లో అందరూ ఏందేందో అనుకుంటాండారు గానీ దాని మొగాన ఎవురూ అనల్యా. నిన్న పొద్దుగూకే ఏళకు మా వీధి ఏసమ్మ అనేసింది. నీ పాప బడిలో మీ తమ్ముని పేరు రాసిందంట గదమ్మా అని. అప్పట్నించీ ఒకటే మాట. అది నాకు సూపియ్యి, సదివి సెప్పు అని. నేనేం సదవాల? ఆ కోపంలోనే పాప మీద సెయ్యి సేసుకుంటి.”

“చెంప వాచింది, చూసినా.”

“కొట్టినాక ఆ సెయ్యి నాది కాదనిపిచ్చింది.” అతను తన అరచేతిని చూసుకున్నాడు. “నువ్వు సదవకుంటే టీచరమ్మనే అడుగుతా, ఆయమ్మ అబద్ధం సెప్పదు అంటాంది తిప్పమ్మ. అందుకే బయల్దేరింది.”

“ఇన్నాళ్లూ ఆమెకు ఏం చెప్పినారు?”

“డ్రైవర్ తోలినాడని. పల్టీ కొట్టినాక పారిపోయినాడని. టేసన్లోనూ అదే సెప్పినాం, బండిలో ఉన్నోల్లందరం.” తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “గిడ్డయ్య దానికి ఒక్కడే తమ్ముడు. అమ్మా నాయనా ల్యాకుంటే అదే సాకి పెద్ద జేసింది. పెద్దపాప పోయినాక వాడే మా సేను సేసినాడు, వాడే అన్నీ సూసినాడు. ఇప్పుడు ఈ సంగతి తెలిస్తే దానికి బిడ్డా ల్యాకపాయ, తమ్ముడూ ల్యాకపాయ. ఏమి పెట్టుకోని బతకాల అది?”

అతను రెండు చేతులూ జోడించాడు.

“ఆ రాసింది కంప్యూటరే సొంతంగా రాసిందని సెప్పండి. లేదంటే పిల్లోల్లు కత మాదిరి రాసినారని సెప్పండి. మీరు సెప్తే నమ్ముతాది. నమ్మితే ఇల్లు నిలబడుతాది.”

హెచ్చెమ్ కాగితం మీద అడిగిందే ఈయన చేతులు జోడించి అడుగుతున్నాడు. హెచ్చెమ్‌కు లేదని చెప్పడం సులభం. ఈ మనిషికి చెప్పడం సులభంగా లేదు.

వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూసింది. నడిమింటి గడప దగ్గర మల్లేశ్వరి నిలబడి ఉంది. తండ్రి మాటలన్నీ విన్నదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. కూతురి కళ్లలోకి చూడలేక ఉచ్చీరప్ప ముఖం తిప్పుకున్నాడు. పిల్ల మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

తిప్పమ్మ వచ్చింది. ఎండకు వాడిన సన్నటి మనిషి. తడి ముఖం కొంగుతో తుడుచుకుంటూ మెట్ల కిందే నిలబడింది.

“లోపలికి రామ్మా,” అంది ఇందిరాబాయి.

“కాళ్లు దుమ్ముగుండాయమ్మా. ఈన్నే ఉంటాలే.”

“దుమ్ముదేముంది, తుడుస్తే పోతుంది. నీ బిడ్డ లోపలుంది, నువ్వు బయటుంటే ఎట్ల? రా.”

తిప్పమ్మ వచ్చి నేరుగా కూతురి పక్కన నేల మీద కూర్చుంది. వాచిన చెంపను చూసింది. తాకబోయి ఆగింది.

“తినల్యా?”

మల్లేశ్వరి తల అడ్డంగా ఊపింది.

“నేనూ తినల్యా,” అంది తిప్పమ్మ. అంతే. తల్లీ కూతుళ్లిద్దరూ ఎదుటి గోడను చూస్తూ కూర్చున్నారు.

రఘురామ్ కృతిని వంటింట్లోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

“ఆయన గేటు దగ్గర అన్నది నేను విన్నా. ఆయనకు కావాల్సిందీ అదే, హెచ్చెమ్‌కు కావాల్సిందీ అదే. ఎవరికీ నష్టం లేదు. చచ్చిపోయిన పిల్ల తిరిగి రాదు కృతీ. బతికున్నవాళ్ల సంగతి చూడు.”

“బతికున్న పిల్ల బీరువా పక్కన కూర్చుంది. దాన్ని చూస్తున్నా నేను.”

“చూసి?”

“ఏడాదిగా అది చూసిందాన్ని చూడలేదని చెప్పమన్నారు. ఒప్పుకుంది. నేను, ఆలోచించు, ప్రశ్న వేసుకో, దాచొద్దు అని ఎనిమిది నెలలు నూరిపోసినా. నా మాట నమ్మి రాసింది. ఇప్పుడు దాని ముందరే, అది కత అని నేను చెప్తే రేపటినుంచి ఏ మొహం పెట్టుకొని బోర్డు ముందర నిలబడాల?”

“మరి రేపు హెచ్చెమ్‌కు ఏం రాసిస్తావ్?”

“రెండు లైన్లే రాసిస్తా. ఫొటో పెట్టింది నేను. పిల్లనడక్కుండా పెట్టినాను. అది నా తప్పు. అంతకుమించి చెప్పేందుకు నాకు హక్కు లేదు.”

“అది చాలు, మెమో ఇచ్చేదానికి.”

“ఇయ్యనీ.”

అతను ఇంకేదో అనబోయాడు. అప్పటికే ఇందిరాబాయి తలుపు తోసింది. “ఆమె అడుగుతాంది నిన్ను. బయటికి రా.”

తిప్పమ్మ లేచి నిలబడి ఉంది. ట్యాబ్ ఆమె చేతుల్లోనే ఉంది, పాత గుడ్డ చుట్టే ఉంది. అరుగు మీదనుంచి ఎప్పుడు తెచ్చుకుందో. “టీచరమ్మా, దీన్ని తెరిసి సూపియ్యండి,” అంది.

ఉచ్చీరప్ప తలుపు వారన నిలబడ్డాడు. కృతి ట్యాబ్ తీసుకొని మ్యాపు తెరిచింది. తెల్లటి తెర మీద రంగురంగుల వలయాలు, వాటిని కలిపే గీతలు.

తిప్పమ్మ వంగి చూసింది. “ఇదంతా పాప రాసిందేనా?”

“అంతా తనే రాసింది.”

“దీంట్లో మా పెద్దపాప యాడుంది?”

కృతి వేలితో చూపించింది. తిప్పమ్మ తన వేలు అక్కడ ఆనించింది. తెర కదిలి మ్యాపంతా పక్కకు జారిపోయింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పోయిందా?”

“పోలేదక్కా. పక్కకు జరిగింది, అంతే.” కృతి మళ్లీ నడుమకు తెచ్చింది.

“పాప పక్కన ఏముంది? సదవండి.”

ఉచ్చీరప్ప గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకు అర్థం కృతికి తెలుసు. తిప్పమ్మ కళ్లు మాత్రం ఆమె ముఖాన్నే చూస్తున్నాయి. ఏం చెప్పినా నమ్మేలా ఉన్నాయి. వంక, మలుపు, డ్రైవర్ అని చదివి ఒక్క పేరు వదిలేస్తే చాలు. ఎవరికీ తెలియదు. తెలిసిన పిల్ల నోరు విప్పదు.

“తిప్పమ్మక్కా, ముందు నా తప్పు ఒకటి చెప్పాల,” అంది. “ఇది మీ పాప నాకోసం రాసింది. తనను అడక్కుండా నేను పదిమందికీ చూపించినా. ఊర్లో ఈ రచ్చంతా నావల్ల. పాప తప్పు ఏమీ లేదు.”

“అది తరవాత మాట. సదవండి.”

“ఇంకోసారి తనను అడక్కుండా చదవను.” కృతి మల్లేశ్వరి ముందు కూర్చుంది. “ఇది నీది. చదవమంటే చదువుతా. వద్దంటే మూసేస్తా. ఏదైనా సరే. ఇది అబద్ధమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఇక్కడా చెప్పను, కాగితం మీదా చెప్పను.”

రఘురామ్ కిటికీ వైపు తిరిగాడు.

మల్లేశ్వరి తండ్రిని చూసింది. ఆయన చూసీ చూడనట్టు తల అడ్డంగా ఊపాడు. వీధిలో ఎవరో చీపుర్లు అమ్ముకుంటూ పోతున్నారు. ఆ కేక సందు మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా పిల్ల కదల్లేదు. తర్వాత చెయ్యి చాచి ట్యాబ్ తీసుకుంది.

“నేనే సదువుతా.”

బడిలో పాఠం చదివే గొంతుతోనే చదివింది. “వలస పోతే ఏం పోతాది. బడి పోతాది. ఎనుము పోతాది, మేపేవాళ్లు లేక అమ్మేస్తారు. అవ్వ పోయింది, మేం లేనప్పుడు పోయింది. అక్క.” ఊపిరి తీసుకుంది. “గుంటూరు నుంచి ఇంటికి బయల్దేరినాం. డ్రైవర్ రాలేదు.”

ఆగింది.

“సదువు,” అంది తిప్పమ్మ.

“గిడ్డయ్య మామ తోలినాడు.”

తిప్పమ్మ వేలితో తెరను చూపింది.

“సదువు.”

“వంక మలుపు. మామ తిప్పలేకపోయినాడు. బండి పల్టీ కొట్టింది. అక్క కింద ఉండింది. నేను పిలిచినా.” ఆఖరి మాట మ్యాపులో లేదు. కృతికి తెలుసు, తెర మీద ఆ మాట ఎక్కడా లేదు.

తిప్పమ్మ ఏడవలేదు. భర్త వైపు తిరగకుండానే అడిగింది. “నీకు ఎప్పుడు తెలుసు?”

“ఆ పొద్దే. నేనూ బండిలో ఉంటి గదా.”

“ఏడాది కావస్తాంది.”

“నీ కోసమే సెప్పల్యా.”

“ఏడాది వాడు మనింట్లో కూడు తిన్న్యాడు. నేను వడ్డిస్తాంటి, నువ్వు పక్కన కూసోని సూస్తాంటివి. పాప ఎదురుగా కూసోని సూస్తాండె. నీకెట్ల మింగుడుపడె?”

“ఏం జేయమంటావ్? వాన్ని పట్టిచ్చి నీ ముందర నిలబడల్నా? అప్పుడు నువ్వు బతుకుతాంటివా?”

“నన్ను అడిగినావా?”

 ఉచ్చీరప్ప జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, అరచేతిలో మూసుకున్నాడు.

“వాడేనా?” అంది తిప్పమ్మ.

“ఊఁ. పొద్దన్నుంచీ చేస్తాండాడు.”

“ఎత్తాకు.”

మోగి మోగి ఆగింది. ఇందిరాబాయి వచ్చి మంచినీళ్ల చెంబు తిప్పమ్మ పక్కన పెట్టింది. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు.

“యాల తోలినాడంట వాడు, ఏమనుకోని? నువ్వు అడగల్యా?”

“అడిగినా. నా బుద్ధి గడ్డి తిని తోలినా బావా అన్న్యాడు.”

“అంతేనా?”

“అంతే. ఎన్నిసార్లడిగినా అదే మాట.”

“ఇంకేమీ సెప్పల్యా? ఎవురి పేరూ సెప్పల్యా?”

“ఎవురి పేరు సెప్తాడు?”

తిప్పమ్మ ముఖంలో ఏదో మారింది. కృతి అది చూసింది. అప్పటిదాకా ఆ ముఖంలో ఉన్న కోపం ఒక్కసారిగా జారిపోయి, దాని వెనకనుంచి భయం లాంటిది బయటపడింది. ఆమె మెల్లగా కూతురి పక్కన కూర్చుంది.

“పాపా, దీంట్లో ఇంగో కొమ్మ పెట్టేకి అయితాదా?”

మల్లేశ్వరి అర్థం కానట్టు చూసింది. “అయితాదిమా. యాడైనా పెట్టొచ్చు.”

“మామ తోలినాడని ఉంది గదా. దానికి ముందర పెట్టు.”

పిల్ల వేలు ఆనించింది. ఖాళీ వలయం ఒకటి తెరుచుకుంది. కింద అక్షరాలు లేచాయి.

“రాయి. ఆ పొద్దు అవ్వకు పానం బాగ ల్యాకుంటే నేను మామకు ఫోన్ చేసినా. రేప్పొద్దున డ్రైవర్ వస్తాడక్కా, అప్పుడు బయల్దేరుతాం అన్న్యాడు. డ్రైవర్ కోసం సూడాకు, నీకూ తోలేకి వస్తాది గదా, నువ్వే తోలుకోని రా, ముసల్ది కండ్లు మూసేలోపల రా అని సెప్పింది నేనే.”

ఉచ్చీరప్ప గోడకు ఆనుకొని అట్లాగే కిందికి జారాడు. “తిప్పమ్మా,” అన్నాడు. 

“వానికి సరిగ్గా తోలేకి రాదని నాకు తెలుసు. నేర్సుకుని రెండు నెలలు కాల్యా. తెలిసే సెప్పినా.” ఆమె ఎవరినీ చూడకుండా, ఒక్కో మాటా పెట్టుకుంటూ పోయింది. “ముసల్ది ఎట్లైనా ఆ సాయంత్రమే పాయె. మీరు డ్రైవర్ తోలినాడంటిరి. నాకు ఊపిరాడె. పారిపోయిన డ్రైవర్ను తిట్టుకుంటా ఏడాది బతికినా. లోపల తెలుసు నాకు. తెలీనట్ల ఉంటి. వాడు ఒక్కపొద్దు కూడా, అక్కా నువ్వే కదా సెప్తివి అనల్యా.”

“అమ్మా, వద్దులేమా,” అంది మల్లేశ్వరి. వేలు తెర మీదికి దించలేక గాల్లోనే ఉంచింది.

“మామ పేరు రాసినప్పుడు సెయ్యి వణకల్యా గదా. నా పేరూ రాయి.”

పిల్ల కృతి వైపు చూసింది. తరగతిలో తప్పు రాసినానేమో అని అనుమానం వచ్చినప్పుడు చూసే చూపు అది. అప్పుడైతే కృతి దగ్గరికి వెళ్లి భుజం తట్టేది. ఇప్పుడు లేవలేకపోయింది. రాయమనడానికి నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. ఎనిమిది నెలల్లో దీనికి ముందు ఏముంది అని వందసార్లు అడిగించింది పిల్లల చేత. దొరికిన జవాబు కన్నతల్లి అయితే ఏం చేయాలో చెప్పలేదు.

మల్లేశ్వరి రెండు అక్షరాలు కొట్టింది. అమ్మ. అక్కడ ఆగిపోయింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి తిప్పమ్మ చెయ్యి చాచింది.

“ఇటియ్యి.”

“ఇప్పుడొద్దు,” అన్నాడు ఉచ్చీరప్ప.

“ఇటియ్యి అంటాండా.”

ఇచ్చాడు. ఆమెకు ఏది నొక్కాలో తెలియక మల్లేశ్వరే నొక్కి, వినిపించేట్టు పెట్టింది. అవతల వాహనాల రొద. దాని వెనక మగగొంతు, అలిసిపోయినట్టు.

“బావా, ఎత్తినావా. పొద్దన్నుంచీ చేస్తాండా గదా.”

“నేను, తమ్ముడా.”

మల్లేశ్వరి ఫోన్‌ను తల్లి నోటికి దగ్గరగా పెట్టింది. 

“పాప అంతా సదివింది,” అంది తిప్పమ్మ. “యాడుండావు నువ్వు?”

“ఎమ్మిగనూరులో ఉండాక్కా. టేసన్ కాడ. ఊర్లో ఇంక తల ఎత్తుకోలేను. సిన్నదాన్ని అబద్ధాలకోరు అంటాండారంట, అది నేను సూడలేను. లోపలికి పోయి, నేనే తోలినానని సెప్తా. పాపను కొట్టొద్దని బావకు సెప్పు.”

“ఆగు. నేను వస్తాండా. నేను వచ్చేదాకా లోపలికి పోవద్దు.”

“నువ్వు రావద్దక్కా. నువ్వు సెప్పాల్సింది ఈడ ఏమీ ల్యా.”

“ఉంది. నీకు తెలుసు ఉందని.”

“ఏమీ ల్యా,” అన్నాడు గిడ్డయ్య మళ్లీ. ఆ మాట మెల్లగా, ఒట్టు పెట్టించుకున్నట్టు అన్నాడు. ఫోన్ ఆగిపోయింది. మల్లేశ్వరి తిరిగి చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

తిప్పమ్మ లేచి కొంగు నడుముకు దోపుకుంది. “ఎమ్మిగనూరు బస్సు ఎప్పుడుంది టీచరమ్మా?”

“పదింపావుకు,” అంది కృతి. తనూ లేచింది. “నేనూ వస్తానక్కా.”

“కృతీ,” అన్నాడు రఘురామ్. అందులో కోపం లేదు, బతిమాలడం ఉంది.

ఆమె చెప్పులేసుకుంటోంది. మల్లేశ్వరి ట్యాబ్‌ను గుండెకు ఆనించుకొని తల్లి వెనకే వచ్చింది. తిప్పమ్మ రెండడుగులు వేసి ఆగింది.

ఉచ్చీరప్ప గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. రెండు చేతులూ తలుపు చట్రానికి అటూ ఇటూ ఆనించాడు.

“వాన్ని సెప్పనీ,” అన్నాడు. “వాడు ఒక్కడే సెప్పనీ. వానికి ఎనకాముందూ ఎవురూ ల్యారు. నువ్వు ఆడికి పోయి నీ పేరు సెప్పినావంటే ఈ సిన్నదాన్ని నేనొక్కడ్నే ఎట్ల సాకాల?”

“వానికి నేనుండా,” అంది తిప్పమ్మ. “దావ ఇడువు.”

ఉచ్చీరప్ప కదల్లేదు.